పానా పట్టే ముందే తేలాల్సిన లెక్క: సొంత కారు మరమ్మతు, విడిభాగాల ఎంపిక

సొంతంగా కారు బాగుచేసుకోవడం అంటే చేతినిండా గ్రీజు, తుప్పుపట్టి కదలని బోల్టు, కారు కింద దూరి పడే అవస్థ అని చాలామంది అనుకుంటారు. అవి ఉంటాయి గానీ, అసలు కష్టం అక్కడ లేదు. నాణ్యమైన పానాలు, సాకెట్లు, జాకీ, జాకీకి తోడు కారు బరువు మోసే స్టాండ్లు ఉంటే బ్రేక్ ప్యాడ్లు మార్చడం, ఫిల్టర్లు మార్చడం, బ్యాటరీ బిగించడం ఓపికగల వారెవరికైనా పట్టుబడే పనులే. అంత తేలిగ్గా పట్టుబడనివి రెండున్నాయి. పాడైంది ఏ భాగమో కచ్చితంగా తేల్చుకోవడం ఒకటి. దాని స్థానంలో ఏది కొనాలో, ఎంత మంచిది కొనాలో నిర్ణయించుకోవడం రెండోది. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా మొదటిచోట, ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా రెండోచోట.

లోపం తేల్చే విషయంలో స్కానర్లు చేసిన మేలు ఎంతో, పెంచిన అపోహలూ అంతే. 1996 మోడల్ కార్ల నుంచి అమెరికాలో, 2001 నుంచి యూరప్‌ పెట్రోలు కార్లలో, తన లోపాలను కారే కనిపెట్టి నమోదు చేసుకునే ఓబీడీ వ్యవస్థ తప్పనిసరి అయింది. స్టీరింగ్ దిగువన కనిపించే 16 పిన్నుల సాకెట్ దానిదే. చవకైన స్కానర్‌ను ఆ సాకెట్‌కు తగిలిస్తే ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో ఒక కోడ్ రూపంలో తెలిసిపోతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. పి0171 అనే కోడ్ వచ్చిందనుకుందాం. ఇంజిన్‌లోకి వెళ్తున్న మిశ్రమంలో గాలి పాలు ఎక్కువై ఇంధనం తగ్గిందని దాని అర్థం. ఆ సంగతి కనిపెట్టింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి చాలామంది ముందుగా ఆ సెన్సర్‌నే మార్చేస్తారు. జ్వరం ఉందని చూపించిన థర్మామీటర్‌ను పారేయడం లాంటిదే ఇది. ఇంజిన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ గొట్టానికి పగులు, మురికి పట్టిన గాలి ప్రవాహ సెన్సర్, నీరసించిన ఫ్యూయల్ పంపు, పూడిపోయిన ఫ్యూయల్ ఫిల్టర్, సెన్సర్‌కు ముందే ఎగ్జాస్ట్‌లో ఉన్న లీకు, వీటిలో ఏదైనా అదే కోడ్‌ను రప్పించగలదు.

ఇలాంటి సందర్భంలో స్కానర్‌లోనే కనిపించే ఫ్యూయల్ ట్రిమ్ అనే శాతం, కోడ్ కన్నా ఎక్కువ సంగతులు చెబుతుంది. మిశ్రమాన్ని సరిచేయడానికి కంప్యూటర్ ఎంత ఇంధనం అదనంగా కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో ఆ అంకె చూపిస్తుంది. బండి నిలబడి ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నడుస్తున్నప్పుడు ఆ అంకె పది, పదిహేను శాతం దాటి ఉండి, ఇంజిన్ వేగాన్ని నిమిషానికి 2,500 చుట్లకు పెంచగానే సాధారణ స్థాయికి దిగివస్తే, లెక్కలోకి రాని గాలి ఎక్కడి నుంచో దూరుతోందని అనుమానించాలి. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి చిన్న పగులు కూడా అక్కడ పెద్ద వాటాగా కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా, ఐడిల్‌లో అంతా బాగుండి వేగం పెరిగేకొద్దీ అంకె పైకి పోతుంటే, అడిగినంత ఇంధనం అందడం లేదని, అంటే పంపు వైపో ఫిల్టర్ వైపో చూడాలని అర్థం. ఈ పరీక్షకు పట్టే సమయం పది నిమిషాలకు మించదు, ఖర్చు అసలే లేదు. అయినా దీన్ని చేసేవారి కన్నా సెన్సర్ కొనేవారే ఎక్కువ.

పి0420 కోడ్ విషయంలో ఇదే పొరపాటు ఇంకా ఖరీదైనది. పొగలోని హానికర వాయువులను తగ్గించే కెటాలిటిక్ కన్వర్టర్ పనితీరు పడిపోయిందని ఆ కోడ్ చెబుతుంది; కారులోని ఖరీదైన భాగాల్లో కన్వర్టర్ ఒకటి. అయితే కన్వర్టర్ సాధారణంగా దానంతట అది చావదు. ఏదో ఒక సిలిండర్ మిస్ అవుతూ, అంటే అందులో ఇంధనం సరిగా మండక, కాలని పెట్రోలును దానిలోకి తోయడం వల్లో, ఇంజిన్ ఆయిల్ తాగడం వల్లో అది చస్తుంది. ఆ మూలకారణాన్ని వదిలేసి కొత్త కన్వర్టర్ బిగిస్తే దానికీ అదే గతి పడుతుంది.

మిస్సింగ్ సంగతే తీసుకుంటే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా భాగాన్ని పరీక్షించే పద్ధతి మెకానిక్‌లందరికీ తెలుసు. పి0302 కోడ్ రెండో సిలిండర్ మిస్ అవుతోందని చెబితే, ఆ సిలిండర్ మీది, ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి, బండి నడపాలి. ఈసారి పి0303 వస్తే పాపం కాయిల్‌ది. మళ్లీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి; ప్లగ్గునో ఇంజెక్టర్‌నో చూడాలి, అదీ కాకపోతే కంప్రెషన్ కొలవాలి. ఒకసారి ఒకదాన్నే మార్చాలన్న నియమం ఇక్కడ ముఖ్యం. కాయిల్, ప్లగ్గు రెండూ ఒకేసారి మార్చినవారికి బండి బాగుపడినా ఏది పాడైందో తెలియదు.

కరెంటు లోపాల్లో మల్టీమీటర్ ఇదే పని చేస్తుంది. పూర్తిగా చార్జ్ అయి విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే ఇంచుమించు సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ అంకె సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది, కొత్త తరం కార్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటర్ నియంత్రిస్తుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. బ్యాటరీ బాగానే ఉండి స్టార్టర్ మూలుగుతుంటే, స్టార్టర్ తిరుగుతున్న సమయంలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజిన్ లోహానికీ మధ్య వోల్టేజి కొలవాలి. అది అర వోల్టుకు మించితే తప్పు బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ తీగది. తుప్పుపట్టిన ఆ తీగను శుభ్రం చేయకుండా బ్యాటరీ మార్చినా, స్టార్టర్ మార్చినా ఉపయోగం లేదు.

పాడైన భాగం తేలాక దాని గుర్తింపు మొదలవుతుంది. కారు పేరు, మోడల్, సంవత్సరం చెబితే సరిపోతుందన్న నమ్మకం తరచుగా దెబ్బతీస్తుంది. ఒకే మోడల్‌లో, ఒకే ఏడాదిలో రెండు వేర్వేరు సంస్థల బ్రేకులు వాడటం, ఏడాది మధ్యలో ఆల్టర్నేటర్ మార్చడం కార్ల తయారీలో మామూలే. అందుకే ఛాసిస్ నంబరుతో వెతకడం మేలు. 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ నంబరులో ఇంగ్లిష్ అక్షరాలైన ఐ, ఓ, క్యూ ఎక్కడా ఉండవు. ఒకటి, సున్నా అంకెలతో కలగాపులగం కాకుండా వాటిని పక్కనపెట్టారు. ఎవరైనా ఫోనులో చెప్పిన నంబరులో ఇంగ్లిష్ ‘ఓ’ వినిపిస్తే అది సున్నా అని రాసుకోవచ్చు. ఛాసిస్ నంబరు తర్వాత నమ్మదగింది పాత భాగం మీద అచ్చొత్తిన పార్టు నంబరు. చివరి ఒకటి రెండు అక్షరాలు మారి కొత్త నంబరు వచ్చినంత మాత్రాన అది తప్పు భాగం కానక్కరలేదు. కంపెనీలు భాగాన్ని సవరించినప్పుడల్లా పాత నంబరు స్థానంలో కొత్తది తెస్తుంటాయి. అయితే ఏ నంబరు స్థానంలో ఏది వచ్చిందో కంపెనీ కేటలాగులో చూసి నిర్ధారించుకోవాలే తప్ప, ఊహించి కొనకూడదు.

కొన్ని భాగాలకు కారుతో పనే లేదు, కొలతలే వాటి గుర్తింపు. ఆల్టర్నేటర్ల వంటి చోట్ల వాడే బాల్ బేరింగు మీద 6203 అని ఉంటే, ప్రపంచంలో ఎవరు తయారు చేసినా దాని లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, వెడల్పు 12 మిల్లీమీటర్లు. ఆయిల్ సీళ్ల మీద కూడా సాధారణంగా ఈ మూడు కొలతలూ ముద్రించి ఉంటాయి. అలాగని కొలత కలిస్తే అంతా కలిసినట్టు కాదు. బేరింగు నంబరు చివర సీ3 అని ఉంటే లోపల గోళీలకూ వలయాలకూ మధ్య సందు మామూలు కన్నా ఎక్కువని అర్థం. వేడెక్కి లోహం వ్యాకోచించే చోట ఆ సందు అవసరం. సీళ్లలో నైట్రైల్ రబ్బరు, ఫ్లోరో రబ్బరు ఒకే కొలతలో దొరుకుతాయి. మొదటిది 100 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఎక్కువ కాలం పనిచేస్తే గట్టిపడి పగులుతుంది, రెండోది 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఒకే బల్ల మీద పక్కపక్కన పెడితే రెండింటికీ తేడా చెప్పడం కష్టం.

స్పార్క్ ప్లగ్గుల్లో మరో ఉచ్చు ఉంది. మర సరిపోయినంత మాత్రాన ప్లగ్గు సరిపోదు. మర ఉన్న భాగం పొడవు ఎక్కువైతే కొస సిలిండర్‌లోకి పొడుచుకొచ్చి పిస్టన్‌కు తగలొచ్చు. దీనికి తోడు ప్లగ్గు ఎంత త్వరగా వేడిని వదిలించుకుంటుందో చెప్పే హీట్ రేంజ్ అంకెను కంపెనీలు ఒకే తీరుగా వాడవు. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్ ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ వేడిది. ఒక కంపెనీ అంకెను పట్టుకెళ్లి ఇంకో కంపెనీ ప్లగ్గు ఏరుకుంటే ఫలితం పూర్తిగా తలకిందులవుతుంది. ఒక కంపెనీ నంబరుకు మరో కంపెనీలో సమానమైన నంబరేదో చూపే పట్టికలు ఉన్నది అందుకే.

సరైన భాగమేదో తెలిశాక వచ్చే ప్రశ్న, ఎవరిది కొనాలన్నది. కార్ల కంపెనీలు తమ కార్లలోని భాగాల్లో చాలావాటిని సొంతంగా తయారు చేయవు. బాష్, డెన్సో, వాలియో, మాలే, ఎస్‌కేఎఫ్, గేట్స్, బ్రెంబో వంటి సంస్థలు తయారు చేసి ఇస్తాయి. అదే సంస్థ అదే భాగాన్ని సొంత పెట్టెలో పెట్టి తక్కువ ధరకు అమ్మడం సాధారణం. కొన్నిసార్లు భాగం మీద కారు కంపెనీ గుర్తు ఉన్నచోట గీకేసిన మచ్చ కూడా కనిపిస్తుంది. తెలిసి కొనేవారికి అన్నిటికన్నా లాభసాటి బేరం ఇదే. అయితే పెట్టె మీద పేరు చూసి మురిసిపోనక్కరలేదు. ఒకే సంస్థ రెండు మూడు నాణ్యతల్లో సరుకు తయారు చేయడం, ఒక భాగానికి పేరుమోసిన సంస్థ మరో భాగాన్ని వేరేవారితో చేయించి తన పెట్టెలో పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. చూడాల్సింది ఆ కారులో ఆ భాగాన్ని మొదట తయారు చేసి ఇచ్చింది ఎవరన్నదే. పాత భాగాన్ని తుడిచి చూస్తే చాలాసార్లు దాని మీదే ఆ పేరు దొరుకుతుంది.

ఒరిజినల్ కొనాలా, వేరే కంపెనీది కొనాలా అన్న వాదన ఎప్పటికీ తెగకపోవడానికి కారణం, భాగాలన్నిటికీ ఒకే సమాధానం వెతకడమే. భాగం ధరను దానితో సంబంధం ఉన్న మరో రెండు లెక్కల పక్కన పెట్టి చూడాలి. అది దారిలో విఫలమైతే ఏమవుతుంది, దాన్ని చేరుకోవడానికి ఎంత విప్పాలి అన్నవి ఆ రెండు లెక్కలు. క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ విఫలమైతే లోపల కాస్త దుమ్ము వాసన వస్తుంది. గ్లవ్ బాక్స్ తీస్తే చేతికి అందుతుంది. దానికి కంపెనీ పెట్టె కోసం మూడింతలు పెట్టడం అనవసరం. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ కూడా సులువుగా అందేదే, కానీ అది ఊడితే చక్రం డ్రైవరు మాట వినదు. కాబట్టి అక్కడ దొరికినవాటిలో మంచిదే కొనాలి. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు ఇందుకు పూర్తి భిన్నం. అది పాడైతే ప్రాణాపాయం ఉండదు, శబ్దం చేసి, చివరికి క్లచ్ పనిచేయడం మానేస్తుంది. బేరింగు ధర స్వల్పమే, దాన్ని మార్చాలంటే మాత్రం గేర్‌బాక్స్ దించాలి. రెండో ఏడే మళ్లీ గేర్‌బాక్స్ దించే పరిస్థితి వస్తే బేరింగు మీద మిగిల్చినది కూలిలో ఎన్నో రెట్లు పోతుంది. గేర్‌బాక్స్ దించిన రోజున క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కలిపి మార్చమని, వెనక సీల్ కారుతోందేమో చూడమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

రెండు లెక్కలూ ఒకేచోట కలిసేది, వాల్వుల కదలికను పిస్టన్ల కదలికతో కుదిర్చే టైమింగ్ బెల్టు దగ్గర. చాలా ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఒకే జాగాను వేర్వేరు క్షణాల్లో వాడుకుంటాయి. బెల్టు తెగితే ఆ వంతులు తప్పి పిస్టన్ వెళ్లి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. వంగిన వాల్వులతో ఇంజిన్ పైభాగం విప్పాల్సి వస్తుంది, కొన్నిసార్లు ఇంజినే పోతుంది. బెల్టు చేరుకోవడానికి ఇంజిన్ మౌంటు, పుల్లీలు, కవర్లు వరసగా ఊడదీయాలి. ఇక్కడ బెల్టు ఒక్కటే కొనడం కూడా తప్పే. దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, చాలా ఇంజిన్లలో ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు, ఇవన్నీ దానితోపాటే అంత దూరం తిరిగినవి. కొత్త బెల్టు పక్కన పాత టెన్షనర్ బేరింగు బిగుసుకుపోతే తెగేది ఆ కొత్త బెల్టే. పైగా రబ్బరుకు కిలోమీటర్లతోపాటు వయసు కూడా ఉంటుంది. తక్కువ తిరిగిన కారులో కూడా కంపెనీ చెప్పిన ఏళ్లు నిండితే మార్చాల్సిందే.

సెకండ్ హ్యాండ్ భాగాలకూ ఈ లెక్కలే వర్తిస్తాయి. తలుపు అద్దం, సైడ్ మిర్రర్, బంపర్, సీటు పట్టాలు పాత కారు నుంచి తెచ్చుకుంటే నష్టం లేదు. పరీక్షించి ఇస్తే ఆల్టర్నేటర్ కూడా పరవాలేదు. బ్రేకు గొట్టాలు, సీటు బెల్టులు, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఎంత చవకగా వచ్చినా తేకూడదు. ఎయిర్‌బ్యాగ్ విషయంలో టకాటా ఉదంతం చాలు. ఆ సంస్థ ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్, వేడికీ తేమకూ ఏళ్ల తరబడి గురై చెడిపోయి, పేలినప్పుడు లోహపు ముక్కలను విరజిమ్మింది. ఆటోమొబైల్ చరిత్రలోనే అతిపెద్ద రీకాల్ అదే. 2017లో సంస్థ దివాలా తీసింది. పాత కారు నుంచి తీసిన ఎయిర్‌బ్యాగ్ ఏ తరానిదో, ఎలాంటి వాతావరణంలో ఎన్నేళ్లు ఉందో చూపుతో చెప్పగలిగేవారు లేరు.

సొంతంగా పని చేసేవారు ఎక్కువగా చేతులు పెట్టేది బ్రేకుల్లో కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. ప్యాడ్ల నాణ్యతకు సంబంధించి అందుబాటులో ఉన్న గట్టి గుర్తు ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు ఆర్90 నిబంధన. బదులుగా వేసే ప్యాడ్ల పనితీరు అసలు ప్యాడ్లతో పోలిస్తే 15 శాతానికి మించి ఎక్కువగానూ తక్కువగానూ ఉండకూడదని అది కోరుతుంది. ఎక్కువ ఉంటే మంచిదే కదా అన్న సందేహం రావచ్చు. ముందు చక్రాలు మరీ బలంగా పట్టేస్తే ముందు, వెనక బ్రేకుల మధ్య కంపెనీ కుదిర్చిన పొత్తు చెడుతుంది. ఆ గుర్తుతోపాటు కొన్ని ప్యాడ్ల అంచున ఎఫ్ఎఫ్, జీజీ వంటి జంట అక్షరాలు కనిపిస్తాయి. మొదటి అక్షరం మామూలు వేడిమిలో, రెండోది బాగా వేడెక్కినప్పుడు రాపిడి గుణకాన్ని సూచిస్తుంది. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎంతకాలం మన్నుతాయో, కీచుమంటాయో లేదో ఆ అక్షరాలు చెప్పవు.

ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌ను విప్పగానే కొత్త ప్యాడ్లు తొడిగేయకుండా పాతవాటిని చేతిలోకి తీసుకొని చూడాలి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ ఇంచుమించు ఒకేలా అరిగి ఉంటే అంతా సవ్యం. లోపలిది ఇనుము దాకా అరిగిపోయి, బయటిది ఇంకా దళసరిగా ఉంటే, కాలిపర్‌ను అటూ ఇటూ జరగనిచ్చే స్లైడ్ పిన్నులు తుప్పుతోనో ఎండిన గ్రీజుతోనో పట్టేశాయని అర్థం. పిస్టన్ తన వైపు ప్యాడ్‌ను తోస్తోంది, కాలిపర్ జరగక అవతలి ప్యాడ్ డిస్కును తాకడం లేదు. పిన్నులను శుభ్రం చేయకుండా ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా కొన్నాళ్లకు అదే దృశ్యం. పిన్నులకు రాసే గ్రీజు బ్రేకులకని ప్రత్యేకంగా దొరికే సిలికాన్ గ్రీజు అయి ఉండాలి. మామూలు పెట్రోలియం గ్రీజు రబ్బరు తొడుగులను ఉబ్బిస్తుంది. డిస్కు మీద అంచునో మధ్య టోపీ భాగంలోనో కనిష్ఠ మందం అచ్చొత్తి ఉంటుంది, దాన్ని మైక్రోమీటర్‌తో సరిచూడాలి. ప్యాడ్లు ఎప్పుడూ ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలకూ కలిపే మార్చాలి.

విప్పిన కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి. పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు పైన డబ్బాలోని బ్రేక్ ఆయిల్ పొంగి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. వెనక చక్రాలకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో ముందుగా సర్వీసు మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ను బలవంతంగా నెడితే మోటారు దెబ్బతింటుంది. ధూళిని నోటితోనో గాలి పంపుతోనో ఊదకూడదు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పని అంతా అయ్యాక బండి కదిలించకముందే పెడల్‌ను పలుమార్లు తొక్కాలి. వెనక్కి నెట్టిన పిస్టన్ ప్యాడ్‌ను తాకే దాకా పెడల్ నేల దాకా పోతుంది, ఆ మొదటి తొక్కుడు బండి కదులుతుండగా జరిగితే ఆపడానికి బ్రేకు ఉండదు.

చక్రాల బేరింగులో ఇంతకన్నా నిగూఢమైన పొరపాటు ఒకటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగు ఒక వైపు సీల్‌లోనే అయస్కాంత ఎన్‌కోడర్ వలయం ఇమిడి ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్ దాన్ని చూసే తెలుసుకుంటుంది. ఆ వైపు సెన్సర్ ఎదుటికి రావాలి. రెండు వైపులూ నల్లని రబ్బరు సీళ్లే కావడంతో తిరగేసి బిగించినవారు, బేరింగు నిశ్శబ్దంగా తిరుగుతున్నా ఏబీఎస్ లైటు ఎందుకు వెలిగిందో తెలియక కొత్త సెన్సర్ కొంటారు. బిగించే ముందు కాగితాల క్లిప్పును దగ్గరగా ఉంచితే, అది అతుక్కోవాలని చూసే వైపే ఎన్‌కోడర్ ఉన్న వైపు. చవకరకం బేరింగుల్లో కొన్నిటికి ఆ వలయమే ఉండదు.

ద్రవాల దగ్గర జాగ్రత్త పెట్టాల్సింది పేర్ల విషయంలో. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 బ్రేక్ ఆయిళ్లు గ్లైకాల్ జాతివి. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది. అంకెను బట్టి 5, 5.1 అన్నదమ్ములు అనుకొని ఒకదానిలో ఒకటి పోస్తే బ్రేకు వ్యవస్థ చెడుతుంది. గ్లైకాల్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఎన్నాళ్లుగానో మూత తీసి ఉన్న డబ్బాలోది పోయకూడదన్నది అందుకే. కూలెంట్‌ను రంగు చూసి కొనకూడదు, రంగులకు సర్వత్రా ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. చిక్కగా పోస్తే మంచిదన్న అపోహ కూడా ఉంది. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం కలిస్తే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు; నీరు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఇంజిన్ ఆయిల్‌లో 5డబ్ల్యూ-30 అన్నది చిక్కదనం మాత్రమే; ఎగ్జాస్ట్‌లో మసి ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి, అదే చిక్కదనంలో అలాంటిది కానిది పోస్తే ఫిల్టర్ పూడుతుంది.

బిగింపులో ఎక్కువమంది చేసే తప్పు తక్కువ బిగించడం కాదు, ఎక్కువ బిగించడమే. బోల్టు ఒక రకంగా స్ప్రింగు. అది కాస్త సాగినందువల్లనే రెండు భాగాలను పట్టి ఉంచుతుంది. అల్యూమినియం ఆయిల్ పాన్‌కు ఉండే డ్రెయిన్ బోల్టుకు సాధారణంగా 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, చాలు. పొడవైన పానాతో బలమంతా వేస్తే మర ఊడి పాన్ మార్చాల్సి వస్తుంది. చక్రాల నట్లకు చాలా కార్లలో 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు ఉంటుంది, కచ్చితమైన అంకె కారు పుస్తకంలో దొరుకుతుంది. ఆ అంకె పొడిగా ఉన్న మరకు చెప్పినది; నూనె రాస్తే అదే టార్క్‌కు బోల్టు మరింత సాగుతుంది. కొన్ని సిలిండర్ హెడ్ బోల్టులు శాశ్వతంగా సాగేలా రూపొందించినవి, వాటిని రెండోసారి వాడకూడదు. ఆయిల్ ఫిల్టర్‌ను పానాతో కాక చేత్తో, రబ్బరు తాకాక ముప్పావు చుట్టు తిప్పితే చాలు, పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అతుక్కొని ఉండిపోలేదని ముందు వేలితో తడిమి చూసుకుంటే. రెండు రబ్బరులు ఒకదాని మీద ఒకటి పడితే ఆయిల్ అంతా నిమిషాల్లో నేలపాలవుతుంది.

నకిలీ సరుకు ఎక్కువగా చొరబడేది వేగంగా అమ్ముడుపోయే ఫిల్టర్లు, ప్లగ్గులు, ప్యాడ్లు, ఆయిల్ డబ్బాలలోకే. పెట్టె మీద అచ్చు మసకగా ఉండటం, అక్షరదోషాలు, అసలుదాని కన్నా తేలికైన బరువు, పోత పోసిన చోట గరుకు అంచులు అనుమానించదగ్గ గుర్తులు. అయినా పెట్టెను అచ్చుగుద్దినట్టు చేయడం ఇప్పుడు కష్టం కాదు కాబట్టి, అమ్మేవారి నమ్మకం పెట్టె కన్నా పెద్ద హామీ. మార్కెట్ ధరలో సగానికే దొరికే ఒరిజినల్‌ను ఒరిజినల్ అనుకోకపోవడమే క్షేమం.

ఇక చేయకూడని పనులు. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కింద దూరడం అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా ప్రాణాంతకమైనది. జాకీ ఉన్నది ఎత్తడానికి, స్టాండు ఉన్నది మోయడానికి. ఎయిర్‌బ్యాగ్ తీగలకు సాధారణంగా పసుపు కనెక్టర్లు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల అధిక వోల్టేజి తీగలకు నారింజ తొడుగు ఉంటాయి. వందల వోల్టులు ఉండే ఆ నారింజ తీగలను శిక్షణ లేనివారు ముట్టుకోకూడదు. సస్పెన్షన్ స్ప్రింగును అణచి పట్టే పనీ, ఏసీ గ్యాసు పనీ తగిన పరికరాలున్న చోటికే వదిలేయాలి.

అలా వదిలేసిన పనుల్లో ఒక మధ్యేమార్గాన్ని చాలామంది ఎంచుకుంటారు: భాగాన్ని తామే తక్కువ ధరకు కొని తెచ్చి, బిగించడం వరకు మెకానిక్‌కు అప్పగిస్తారు. కొనే రోజున మిగిలే డబ్బు కనిపిస్తుంది, పేచీ తర్వాత వస్తుంది. భాగం ఆరు నెలల్లో పోతే అమ్మినవారు కొత్త భాగం ఇస్తారేమో గానీ, దాన్ని మళ్లీ విప్పి బిగించే కూలి ఇవ్వరు. మెకానిక్ తాను తేని భాగానికి పూచీ పడడు. భాగం సరిపోక కారు షెడ్డులోనే విప్పి ఉండిపోతే ఆ రోజుల భారం కూడా యజమానిదే. గేర్‌బాక్స్ దించే పని, ఇంజిన్ ముందు భాగమంతా విప్పే పని అప్పగించేటప్పుడు, ఏ తయారీదారు భాగం వేయాలో ముందే చెప్పి, దాన్ని మెకానిక్ చేతే తెప్పించి, భాగానికీ కూలికీ కలిపి ఒకే రసీదు మీద వారంటీ రాయించుకోవడం మేలు. వైపర్ బ్లేడు, ఎయిర్ ఫిల్టర్ వంటివాటికి ఇంత తతంగం అక్కరలేదు, అవి ఎలాగూ ఇంట్లోనే మార్చుకునేవి.